మెయిల్ లేటుగా వెళ్తోందా? పోస్ట్‌ఫిక్స్ సర్వర్‌లో అది ఎక్కడ ఆగిందో పట్టుకునే పద్ధతి

“సార్, పదింటికి పంపాను. పన్నెండు కావస్తోంది, పిల్లలకి ఇంకా పడలేదంట.”

నేను చూసుకునే ఒక కాలేజీ మెయిల్ సర్వర్ గురించి ఎగ్జామ్ సెక్షన్ నుంచి వచ్చిన ఫోన్ అది. మర్నాడు పొద్దున్నే పరీక్ష, మెయిల్‌లో ఉన్నవి హాల్ టికెట్లు. టెన్షన్‌లో నేను చేసిన మొదటి పని సర్వీసును రీస్టార్ట్ చేయడం. రెండోది, క్యూలో (పంపడానికి వేచి ఉన్న మెయిల్స్ వరుసలో) ఉన్నవన్నీ ఇప్పుడే పంపెయ్ అని ఫ్లష్ కమాండ్ కొట్టడం. రెండూ తప్పే. అరగంట తర్వాత చూస్తే ఆలస్యం తగ్గకపోగా పెరిగింది. ఎందుకు పెరిగిందో కింద చెబుతాను.

అప్పటి నుంచి ఒక పద్ధతి పెట్టుకున్నాను. మెయిల్ ఎందుకు లేటైందని బుర్ర బద్దలు కొట్టుకోకుండా, ముందు అది ఎక్కడ ఆగిందో చూస్తాను. పంపినవారి కంప్యూటర్ నుంచి అందుకునేవారి ఇన్‌బాక్స్ దాకా మెయిల్ నాలుగైదు చోట్ల ఆగి వెళ్తుంది. ఎక్కడ ఎక్కువసేపు ఆగిందో తెలిస్తే కారణం చాలావరకు అక్కడే కనిపిస్తుంది. ఆ చోటు తెలియకుండా సెట్టింగులు మారిస్తే రోగం ఒకటి, మందు ఒకటి అవుతుంది.

ఇదంతా లినక్స్ మీద నడిచే పోస్ట్‌ఫిక్స్‌కి రాస్తున్నాను. వీట్సే వెనెమా ఐబీఎంలో రాసి 1998లో బయటికి వదిలిన మెయిల్ సర్వర్ సాఫ్ట్‌వేర్ ఇది, ఇప్పటికీ లెక్కలేనన్ని సర్వర్లు దీని మీదే నడుస్తున్నాయి. మీది ఎగ్జిమ్ అయినా ఎక్స్‌ఛేంజ్ అయినా కమాండ్లు మారతాయి కానీ వెతికే వరస ఇదే. కమాండ్లు, సెట్టింగుల పేర్లు పలికినట్టే తెలుగులో రాశాను. టైప్ చేసేటప్పుడు ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో కొట్టండి.

1. ముందు ఒక్క మెయిల్‌ను పట్టుకోండి

“మెయిల్స్ అన్నీ లేటండీ” అనే ఫిర్యాదుతో ఏమీ చేయలేం. ఎవరు పంపారు, ఎవరికి పంపారు, ఎన్ని గంటలకు పంపారు, ఈ మూడూ అడిగి ఒకే ఒక్క మెయిల్‌ను ఎంచుకోండి. ఇంకో ప్రశ్న కూడా అడగండి: సెండ్ నొక్కాక మెయిల్ సెంట్ ఫోల్డర్‌లోకి వెళ్లిందా, అవుట్‌బాక్స్‌లోనే తిరుగుతోందా? అవుట్‌బాక్స్‌లోనే ఉంటే అది ఇంకా మీ క్యూలోకి రాలేదు. చాలాసార్లు వాళ్ల ఇంటర్నెట్టో, అటాచ్‌మెంటో కారణమవుతుంది. అటాచ్‌మెంట్ మెయిల్‌లోకి ఎక్కేటప్పుడు ఎన్‌కోడింగ్ వల్ల మూడో వంతు దాకా పెరుగుతుంది. 18 ఎంబీ ఫైలు దాదాపు 24 ఎంబీ అవుతుంది. ఫోన్ డేటా మీద ఊళ్లో కూర్చుని పంపేవాళ్లకి అది చిన్న విషయం కాదు.

మెయిల్ చివరికి అందితే, అందుకున్నవారిని పూర్తి హెడర్ పంపమనండి. జీమెయిల్‌లో ‘షో ఒరిజినల్’ అని ఉంటుంది. అందులో ‘రిసీవ్డ్’ అనే వరుసలు కనిపిస్తాయి. మెయిల్‌ను అందుకున్న ప్రతి సర్వరూ తన వరుసను అన్నిటికంటే పైన అతికిస్తుంది కాబట్టి వీటిని కింది నుంచి పైకి చదవాలి. ఆ రోజు నా ముందున్న హెడర్‌లో టైములు ఇలా ఉన్నాయి:

పై వరుస, గూగుల్ సర్వర్: 23:17:12 -0700
మధ్య వరుస, మా సర్వర్, స్కానింగ్ అయ్యాక: 10:02:14 +0530
కింది వరుస, మా సర్వర్, పంపినవారి నుంచి: 10:02:11 +0530

పై వరుస చూడగానే మెయిల్ ముందురోజు రాత్రే అందినట్టు అనిపిస్తుంది. అది అమెరికా పశ్చిమ తీరం టైము. 23:17కి ఏడు గంటలు కలిపితే యూటీసీ 06:17, దానికి మన అయిదున్నర కలిపితే 11:47. అంటే మా సర్వర్‌లోకి వచ్చి స్కానింగ్ అయిపోవడానికి మూడు సెకన్లు పట్టింది. అక్కడి నుంచి గూగుల్ చేతికి వెళ్లడానికి గంటా నలభై అయిదు నిమిషాలు పట్టింది. ఎగ్జామ్ సెక్షన్ కంప్యూటర్, ఆఫీస్ ఇంటర్నెట్, యాంటీవైరస్ ఒక్క దెబ్బతో అనుమానితుల జాబితాలోంచి పోయాయి.

ఒక జాగ్రత్త. ఈ లెక్క సర్వర్ల గడియారాలు సరిగ్గా ఉంటేనే పనికొస్తుంది. ‘టైమ్‌డేట్‌సీటీఎల్’ కొట్టి టైము సింక్ అయి ఉందో లేదో ఒకసారి చూసుకోండి.

2. లాగ్‌లోని నాలుగు అంకెలు

ఈ గైడ్‌లో ఒక్క అడుగే చదివే ఓపిక ఉంటే ఇది చదవండి.

ఉబుంటు, డెబియన్‌లలో లాగ్ మామూలుగా ‘/వార్/లాగ్/మెయిల్.లాగ్’లో ఉంటుంది. రెడ్‌హ్యాట్ కుటుంబంలో ఆ ఫైలు పేరు ‘మెయిల్‌లాగ్’, మధ్యలో చుక్క ఉండదు. అందుకున్నవారి అడ్రస్‌తో గ్రెప్ చేస్తే (ఆ ఫైల్లో వెతికితే) క్యూ ఐడీ, అంటే ఆ మెయిల్‌కి పోస్ట్‌ఫిక్స్ ఇచ్చిన గుర్తు, దొరుకుతుంది. ఆ ఐడీతో మళ్లీ గ్రెప్ చేస్తే ఆ మెయిల్ కథంతా వరసగా వస్తుంది. డెలివరీ వరుస చివర ఇలాంటి ముక్క ఉంటుంది:

డిలే=412, డిలేస్=0.3/398/13/0.7, స్టేటస్=సెంట్

మొత్తం 412 సెకన్లు. దాన్నే పోస్ట్‌ఫిక్స్ నాలుగుగా విడగొట్టి చూపిస్తోంది. మొదటి అంకె, మెయిల్ మన సర్వర్‌లోకి రావడం మొదలైనప్పటి నుంచి క్యూ మేనేజర్ చేతికి వెళ్లేదాకా పట్టిన సమయం. రెండోది, క్యూ మేనేజర్ దగ్గర తన వంతు కోసం నిలబడ్డ సమయం. మూడోది, అవతలి సర్వర్‌తో కనెక్షన్ కుదరడానికి పట్టినది. డీఎన్ఎస్ వెతుకులాట (డొమైన్ పేరుకి అడ్రస్ కనుక్కోవడం), పలకరింపు, టీఎల్ఎస్ (కనెక్షన్‌ను ఇతరులు చదవకుండా చేయడం) అన్నీ దాంట్లోకే వస్తాయి. నాలుగోది మెయిల్‌ను నిజంగా పంపడానికి పట్టిన సమయం.

పై వరుసలో 398 రెండో చోట ఉంది. అవతలి సర్వర్‌ది తప్పేమీ లేదు, నెట్‌వర్క్ బాగానే ఉంది. మెయిల్ మన దగ్గరే లైన్లో నిలబడింది.

మొదటి అంకె విషయంలో చాలామంది పొరబడతారు. అది పెద్దదిగా కనబడగానే ఇన్‌కమింగ్ స్లో అనుకుంటారు. కానీ ఒకసారి ప్రయత్నించి కుదరక ‘డిఫర్డ్’ క్యూలోకి వెళ్లిన మెయిల్ మళ్లీ బయల్దేరినప్పుడు, డిఫర్డ్‌లో గడిపిన కాలమంతా మొదటి అంకెలోనే కలుస్తుంది. ‘5872/0.05/1.2/0.3’ అని కనబడితే దాదాపు కచ్చితంగా అదే జరిగింది. అదే ఐడీతో అంతకుముందు ‘స్టేటస్=డిఫర్డ్’ అనే వరుస ఉందేమో చూడండి. ఉంటే అసలు కారణం ఆ వరుస చివర బ్రాకెట్లలో ఉంటుంది. అప్పుడు నేరుగా 7వ అడుగుకి వెళ్లండి.

3. క్యూ ఎంతుందని కాదు, ఎలా ఉందో చూడండి

‘పోస్ట్‌క్యూ -పి’ కొడితే క్యూలో ఉన్న మెయిల్స్ అన్నీ వస్తాయి. ఐడీ పక్కన నక్షత్రం గుర్తుంటే అది యాక్టివ్‌లో (ఇప్పుడు పంపే పనిలో) ఉన్నట్టు, ఆశ్చర్యార్థకం ఉంటే హోల్డ్‌లో (మనం చెప్పేదాకా పంపకుండా) పెట్టినట్టు. చిన్న సర్వర్‌కి ఇది చాలు. వేలల్లో ఉన్నప్పుడు మాత్రం ఈ లిస్టుతో కళ్లు తిరగడం తప్ప ఏమీ తేలదు.

అలాంటప్పుడు ‘క్యూషేప్’ వాడండి. ‘క్యూషేప్ డిఫర్డ్’ అంటే ఆగిపోయినవి, ‘క్యూషేప్ ఇన్‌కమింగ్ యాక్టివ్’ అంటే లైన్లో ఉన్నవి చూపిస్తుంది. ఇది ఇచ్చే పట్టికలో అడ్డంగా వయసు ఉంటుంది: 5 నిమిషాలు, 10, 20, 40, అలా రెట్టింపవుతూ 1280 నిమిషాల దాకా. నిలువుగా డొమైన్లు ఉంటాయి. దాన్ని డాక్టరు ఎక్స్‌రే చూసినట్టు చూడాలి. ఒకే డొమైన్ దగ్గర అంకెలన్నీ పోగుపడితే ఆ డొమైన్‌తోనే సమస్య. అన్ని డొమైన్లకూ సమానంగా ఉంటే లోపం మన దగ్గరుంది. పాత గడుల్లో మాత్రమే మెయిల్స్ ఉండి కొత్త గడులు ఖాళీగా ఉంటే గొడవ ఎప్పుడో జరిగి అయిపోయింది, ఇప్పుడు మిగిలింది దాని తాలూకు చెత్తే. అదే ‘-ఎస్’ పెట్టి కొడితే అందుకునేవారి డొమైన్లకు బదులు పంపేవారి డొమైన్లు వస్తాయి. ఆ రోజు నన్ను గట్టెక్కించింది ఈ ‘-ఎస్’.

రెడ్‌హ్యాట్ కుటుంబంలో క్యూషేప్ విడిగా ‘పోస్ట్‌ఫిక్స్-పెర్ల్-స్క్రిప్ట్స్’ ప్యాకేజీలో వస్తుంది. అవసరం పడకముందే వేసి పెట్టుకోండి.

4. మొదటి అంకె పెద్దదై, ముందు డిఫర్ కాలేదంటే

అప్పుడు మెయిల్ లోపలికి రావడమే నెమ్మదిగా జరుగుతోంది. పంపినవారి అప్‌లోడ్ స్లో కావచ్చు. ఆర్‌స్పామ్‌డీ లాంటి స్పామ్ ఫిల్టర్‌ను మిల్టర్‌గా పెట్టుకుని ఉంటే, మెయిల్ క్యూలో చేరకముందే అది పరీక్షిస్తుంది కాబట్టి దాని సమయం ఇక్కడే పడుతుంది.

ఇవి కాకపోతే డిస్క్‌ను అనుమానించండి. పోస్ట్‌ఫిక్స్ ప్రతి మెయిల్‌నూ డిస్క్ మీద గట్టిగా రాశాకే “అందింది” అని ఒప్పుకుంటుంది. కరెంటు పోయినా మెయిల్ పోకూడదని పెట్టిన ఏర్పాటు అది. అందుకే డిస్క్ నెమ్మదిస్తే మెయిల్ కూడా నెమ్మదిస్తుంది. ‘ఐఓస్టాట్ -ఎక్స్ 2’ కొట్టి రాతకు పట్టే సమయం ఎంతుందో చూడండి. ఎస్ఎస్‌డీ మీద ఒకటి రెండు మిల్లీసెకన్లలో ఉండాల్సింది వందల్లో కనిపిస్తుంటే ఆ టైములో ఇంకేదో డిస్క్‌ను నమిలేస్తోంది. చాలాచోట్ల అది బ్యాకప్పే. ఆఫీసులు తెరిచే టైముకు బ్యాకప్ పెట్టినవాళ్లను ఒకరికంటే ఎక్కువమందిని చూశాను. టైము ప్రకారం పనులు నడిపే క్రాన్ ఒకసారి తెరిచి చూడండి.

5. రెండో అంకె పెద్దదైతే

లైన్ పొడుగైపోయింది. పోస్ట్‌ఫిక్స్ ఒకేసారి యాక్టివ్‌లో ఉంచుకునేది 20000 మెయిల్స్. ఒక్కో రకం పనికి మామూలుగా 100 ప్రాసెస్‌లు నడుపుతుంది. ఒక గమ్యానికి ముందు 5 కనెక్షన్లతో మొదలుపెట్టి 20 దాకా పెంచుతుంది. ఇవి చూడగానే అంకెలు పెంచేద్దామని చెయ్యి లాగుతుంది. ఆగండి. లైన్లో నిలబడ్డవాళ్లు అసలు మనవాళ్లేనా అన్నది ముందు చూడాలి.

ఆ రోజు మావాళ్లు కాదు. ‘క్యూషేప్ -ఎస్’ కొడితే అన్నీ మా కాలేజీ డొమైన్ పేరుతోనే ఉన్నాయి, కానీ సంఖ్య నలభై వేలు దాటింది. పిల్లలు అంతమంది లేరు. లాగ్‌లో ఎవరు లాగిన్ అయి పంపారో చెప్పే ‘సాస్ల్_యూజర్‌నేమ్’ ఉన్న వరుసలు తీసి ఒక్కో పేరు ఎన్నిసార్లు వచ్చిందో లెక్కగడితే ఒకే ఒక్క లెక్చరర్ ఖాతా నుంచి తెల్లవారుజాము మూడింటి నుంచి మెయిల్స్ పోతూనే ఉన్నాయి. మీ మెయిల్‌బాక్స్ నిండిపోయింది, ఇక్కడ నొక్కండి అని వచ్చిన లింకులో ఆయన ముందురోజు పాస్‌వర్డ్ కొట్టారు. ఆయన్ని తప్పుపట్టను. ఆ పేజీ అచ్చం మా వెబ్‌మెయిల్ పేజీలాగే ఉంది.

రీస్టార్ట్, ఫ్లష్ ఎందుకు చేటు చేశాయో ఇక్కడ తెలుస్తుంది. ఏయే సర్వర్లు పలకడం లేదో క్యూ మేనేజర్ తన మెమరీలో గుర్తుంచుకుని వాటి జోలికి కాసేపు పోదు. రీస్టార్ట్‌తో ఆ జ్ఞాపకం తుడిచిపెట్టుకుపోతుంది. ఫ్లష్ చేస్తే డిఫర్డ్‌లో పక్కన కూర్చున్న స్పామ్ అంతా మళ్లీ లైన్లోకి వచ్చి హాల్ టికెట్ల ముందు నిలబడుతుంది. నా చేతులతో నేనే లైన్ పెంచాను.

ఇలాంటి కేసులో చేయాల్సినవి, ఈ వరసలోనే:

ఆ ఖాతా పాస్‌వర్డ్ మార్చండి. అక్కడితో ఆగకండి. అప్పటికే లాగిన్ అయి తెరిచి ఉన్న కనెక్షన్లు, వెబ్‌మెయిల్ సెషన్లు పాత పాస్‌వర్డ్ మీదే బతికుంటాయి, వాటినీ తెంచండి. తర్వాత ఆ పంపేవారి పేరుతో ఉన్న క్యూ ఐడీలన్నీ ఒక ఫైల్లోకి తీసి, ‘పోస్ట్‌సూపర్ -హెచ్ -’కి ఇచ్చి హోల్డ్‌లో పెట్టండి. చివర ఉన్న ఆ గీత, ఐడీలను బయటి నుంచి తీసుకోమని చెప్పడానికి. హోల్డ్‌లో పెట్టగానే లైన్ ఖాళీ అయి మంచి మెయిల్స్ కదులుతాయి. తీరిగ్గా నాలుగు మెయిల్స్ ‘పోస్ట్‌క్యాట్ -క్యూ’తో తెరిచి చూసి, స్పామే అని తేలాక ‘పోస్ట్‌సూపర్ -డి -’తో తీసేయండి. ‘-డి’ పక్కన పెద్ద అక్షరాల్లో ‘ఆల్’ అని మాత్రం ఎప్పుడూ కొట్టకండి. క్యూ మొత్తం పోతుంది, తిరిగి రాదు.

లైన్లో ఉన్నవి నిజంగా మన మెయిల్సే అయితే దారి వేరు. ఫీజు నోటీసు అయిదు వేలమందికి ఒకేసారి పంపినప్పుడు, దాని వెనకాల ప్రిన్సిపాల్ పంపిన ఒక్క మెయిల్ కూడా చిక్కుకుంటుంది. అంకెలు పెంచడం కంటే పెద్ద బ్యాచ్‌లను తక్కువ రద్దీ ఉన్న రాత్రి వేళకు మార్చడం మేలు. వీలైతే వాటికి వేరే ఐపీ ఇవ్వండి.

6. మూడో అంకె, నాలుగో అంకె

మూడోది పెద్దదైతే ముందుగా డీఎన్ఎస్ చూడండి. ‘డిగ్ ఎంఎక్స్’ పక్కన డొమైన్ పేరు కొడితే కింద ‘క్వెరీ టైమ్’ వస్తుంది. కొత్త డొమైన్లు నాలుగు ప్రయత్నించండి. ఎప్పుడూ అయిదు సెకన్లకు కాస్త పైనే పడుతుంటే రిజాల్వ్.కాన్ఫ్‌లో (డీఎన్ఎస్ కోసం ఎవరిని అడగాలో రాసి ఉండే ఫైల్లో) మొదటి నేమ్‌సర్వర్ చచ్చిపోయి ఉంటుంది. దాని కోసం అయిదు సెకన్లు ఎదురుచూసి రెండోదాన్ని అడుగుతోంది. సర్వర్ మీదే అన్‌బౌండ్ లాంటి సొంత రిజాల్వర్ (డీఎన్ఎస్ జవాబులు తెచ్చే ప్రోగ్రామ్) పెట్టుకోవడం నా సలహా. స్పామ్ పంపే ఐపీల చిట్టా ఇచ్చే స్పామ్‌హౌస్ లాంటి బ్లాక్‌లిస్టులు గూగుల్ 8.8.8.8 వంటి పబ్లిక్ రిజాల్వర్ల ద్వారా అడిగితే సరైన జవాబు ఇవ్వవు కాబట్టి స్పామ్ వడపోతకూ ఇదే మంచిది.

డెబియన్, ఉబుంటుల్లో ఇంకో తిరకాసు. పోస్ట్‌ఫిక్స్ క్రూట్‌లో (తన ఫోల్డర్ దాటి బయటి ఫైళ్లు చూడలేని ఏర్పాటులో) నడిచేటప్పుడు రిజాల్వ్.కాన్ఫ్ నకలు ఒకటి ‘/వార్/స్పూల్/పోస్ట్‌ఫిక్స్/ఈటీసీ’ కింద ఉంటుంది. మీరు అసలు ఫైలు మార్చినా ఇది పాతదే ఉండిపోవచ్చు. డిగ్ బ్రహ్మాండంగా పనిచేస్తుంది, మెయిల్ మాత్రం నత్తనడక నడుస్తుంది. ‘పోస్ట్‌ఫిక్స్ చెక్’ కొడితే రెండూ వేరుగా ఉన్నాయని హెచ్చరిస్తుంది.

డీఎన్ఎస్ బాగుంటే ఐపీవీ6 చూడండి. సర్వర్‌కి ఐపీవీ6 అడ్రస్ ఉండి, బయటికి దారి సరిగ్గా లేకపోతే ఐపీవీ6తో మొదలైన ప్రయత్నం 30 సెకన్ల దాకా వృథా చేసి ఐపీవీ4కి వస్తుంది. దారి బాగుచేయించడం సరైన పని. అది కుదిరేదాకా ‘ఐనెట్_ప్రోటోకాల్స్ = ఐపీవీ4’ అని పెట్టి పోస్ట్‌ఫిక్స్‌ను ఆపి మళ్లీ మొదలుపెట్టండి. ఈ సెట్టింగుకి రీలోడ్ చాలదు.

బయటికి ఒక్క మెయిల్ కూడా వెళ్లక అన్నీ ‘కనెక్షన్ టైమ్డ్ అవుట్’ అంటుంటే 25వ పోర్టు మూసి ఉందేమో కనుక్కోండి. అమెజాన్, గూగుల్ క్లౌడ్‌లు కొత్త సర్వర్లకు ఈ పోర్టును మూసే ఇస్తాయి.

నాలుగో అంకె పెద్దదైతే రిలే ఎవరో, అంటే మెయిల్‌ను ఎవరికి అప్పగించారో, అదే లాగ్ వరుసలో చూడండి. ‘రిలే=127.0.0.1’, పోర్టు 10024 అని ఉంటే అది మామూలుగా అమావిస్ అనే స్కానింగ్ ప్రోగ్రామ్. అంటే ఆలస్యం స్కానింగ్‌లో ఉంది. వైరస్‌లు వెతికే క్లామ్‌ఏవీకి వైరస్ జాబితా పెట్టుకోవడానికే ఒక జీబీ పైన మెమరీ కావాలి. 2 జీబీ సర్వర్ మీద దాన్ని నడిపితే స్వాప్ (మెమరీ చాలక డిస్క్‌ను వాడటం) మొదలై అన్నీ పాకుతాయి. ‘ఫ్రీ -హెచ్’ ఒక్కసారి చూడండి. అమావిస్ ఒకేసారి నడిపే ప్రాసెస్‌ల సంఖ్య, పోస్ట్‌ఫిక్స్ మాస్టర్.సీఎఫ్‌లో దానికిచ్చిన సంఖ్య ఒకటే ఉండాలి. అమావిస్‌లో రెండే ఉండి పోస్ట్‌ఫిక్స్ పది పంపిస్తే, ఎనిమిది గుమ్మం దగ్గర నిలబడతాయి.

స్కానర్ అడిగే బ్లాక్‌లిస్టుల్లో మూతపడ్డవి ఉంటే తీసేయండి. ఉదాహరణకు సార్బ్స్ 2024 జూన్‌లో మూతపడింది. పాత కాన్ఫిగ్‌లలో దాని పేరు ఇంకా తగులుతూనే ఉంటుంది.

7. అవతలి సర్వరే ఆగమంటే

డిఫర్డ్ వరుస చివర అవతలి సర్వర్ చెప్పిన మాట ఉంటుంది. 4తో మొదలైతే ఇప్పుడు కాదు, మళ్లీ రమ్మని. 5తో మొదలైతే ఇక రావద్దని, అది వెంటనే బౌన్స్ అవుతుంది, అంటే పంపినవారికి తిరిగొస్తుంది. ఆలస్యానికి సంబంధించినవి 4 కోడ్‌లే.

450 లేదా 451 పక్కన ‘గ్రేలిస్టెడ్’ అని ఉంటే అది మొదటి పరిచయం తంతు. ముక్కూమొహం తెలియని సర్వర్ నుంచి వచ్చిన మెయిల్‌ను ఒకసారి వెనక్కి పంపి, మళ్లీ వస్తే లోపలికి రానిస్తారు. మీరేమీ చేయక్కర్లేదు, రెండోసారికి వెళ్లిపోతుంది. అయితే మీ సర్వరే గ్రేలిస్టింగ్ చేస్తుంటే ఆలోచించండి. పోస్ట్‌గ్రే మామూలుగా 5 నిమిషాలు ఆపుతుంది. పెద్ద కంపెనీల సర్వర్లు రెండోసారి వేరే ఐపీ నుంచి వస్తే ఆ లెక్క మళ్లీ మొదటికి రావచ్చు. పది నిమిషాలకే చెల్లని ఓటీపీ పావుగంట తర్వాత ఇన్‌బాక్స్‌లో పడితే ఎవరికి ఉపయోగం? పదేళ్ల కిందట గ్రేలిస్టింగ్‌ను నేనూ ఇష్టంగా పెట్టుకున్నాను. ఇప్పుడు తీసేయమనే చెబుతాను.

421 పక్కన 4.7.28 అని గూగుల్ అంటే మీ ఐపీ నుంచో డొమైన్ నుంచో అనుమానాస్పదంగా ఎక్కువ మెయిల్ వస్తోందని అర్థం. ఆ రోజు మాకు వచ్చింది ఇదే. స్పామ్ ఆపాక కూడా పాత మచ్చ పోవడానికి సమయం పడుతుంది. ఈ లోపు గట్టిగా తలుపు తడితే ఇంకా దూరం పెడతారు. నెమ్మదిగా పంపాలి. అందుకు మాస్టర్.సీఎఫ్‌లో ‘ఎస్ఎంటీపీ యునిక్స్’ అనే వరుసను కాపీ చేసి దానికి ‘స్లో’ అని పేరు పెట్టండి. మెయిన్.సీఎఫ్‌లో ‘స్లో_డెస్టినేషన్_రేట్_డిలే = 1ఎస్’ అని రాయండి. ఏ డొమైన్ ఏ దారిలో పోవాలో చెప్పే ట్రాన్స్‌పోర్ట్ మ్యాప్‌లో జీమెయిల్ డొమైన్‌ను ‘స్లో:’కి మళ్లించి, ‘పోస్ట్‌మ్యాప్’ కొట్టి రీలోడ్ చేయండి. దీంతో ఆ డొమైన్‌కి ఒకటి వెళ్లాక సెకను ఆగి ఇంకోటి వెళ్తుంది. మిగతా డొమైన్ల మెయిల్స్ మామూలు దారిలోనే పోతాయి.

అసలు ఆ పరిస్థితి రాకుండా ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ (మెయిల్ నిజంగా మన డొమైన్ నుంచే వచ్చిందని తేల్చే ఏర్పాట్లు), ఐపీకి రివర్స్ డీఎన్ఎస్ (ఐపీ నుంచి పేరు చెప్పేది) నాలుగూ సరిగ్గా ఉండాలి. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్‌కి రోజుకు 5000 పైన పంపేవారికి మొదటి మూడూ తప్పనిసరి చేశారు. అంతకంటే తక్కువ పంపేవారికి కూడా ఎస్‌పీఎఫ్, డీకిమ్‌లలో ఒకటైనా ఉండాలి. రివర్స్ డీఎన్ఎస్ అందరికీ కావాలి.

డిఫర్ అయిన మెయిల్‌ను పోస్ట్‌ఫిక్స్ ఎప్పుడు మళ్లీ పంపుతుందో కూడా తెలిసి ఉండాలి, ఎందుకంటే సమస్య తీరిపోయాక కూడా గంట ఆలస్యం కనిపించేది దీనివల్లే. మెయిల్ వయసు ఎంతో, సుమారుగా అంతసేపు ఆగి మళ్లీ ప్రయత్నిస్తుంది. తక్కువలో తక్కువ 300 సెకన్లు, ఎక్కువలో ఎక్కువ 4000 సెకన్లు. ఇరవై నిమిషాలుగా ఆగిన మెయిల్ ఇంకో ఇరవై నిమిషాల తర్వాత కదులుతుంది. ఒక ముఖ్యమైన మెయిల్ వెంటనే కదలాలంటే ‘పోస్ట్‌క్యూ -ఐ’ పక్కన దాని ఐడీ ఇవ్వండి, ఆ ఒక్కటే బయల్దేరుతుంది. మొత్తం ఫ్లష్ చేయకండి. గరిష్ఠ విరామాన్ని పది నిమిషాలకు కుదించమని కొందరు చెబుతారు. పలకని సర్వర్ల తలుపు పదేపదే తట్టడమే అవుతుంది కాబట్టి నేను ఒప్పుకోను. ఇంటర్నెట్ మెయిల్ ప్రమాణమైన ఆర్ఎఫ్‌సీ 5321 కూడా మామూలుగా అరగంట విరామం ఉండాలనే చెబుతోంది.

8. మన మెయిల్‌బాక్స్ గుమ్మంలో

ఒకే సర్వర్‌లోని ఇద్దరి మధ్య మెయిల్ లేటైతే మెయిల్‌బాక్స్‌లను చూసుకునే డొవ్‌కాట్ వైపు చూడండి. కోటా నిండితే తాత్కాలిక లోపం ఇచ్చి పదే పదే ప్రయత్నించేలా పెట్టి ఉండవచ్చు. ఒకే ఇన్‌బాక్స్‌లో లక్షకు పైగా మెయిల్స్ పోగేసుకున్నవారి దగ్గర మెయిల్ డిస్క్ మీద ఉండి కూడా ఫోన్‌లో కనిపించడానికి ఆలస్యమవుతుంది. ఏడాదివారీ ఫోల్డర్లు చేసి పెడితే తీరుతుంది.

9. ఎదురుచూస్తున్నవారికి ఏం చెప్పాలి

మీరు వెతుకుతున్నంతసేపూ అవతల మనుషులు కంగారు పడుతుంటారు. వాళ్లకి రెండు మాటలు వెంటనే చెప్పండి. ఒకటి, మెయిల్ మాయం కాలేదు, లైన్లో ఉంది. తాత్కాలికంగా ఆగిన మెయిల్‌ను పోస్ట్‌ఫిక్స్ 5 రోజులదాకా ప్రయత్నిస్తూనే ఉంటుంది. రెండు, దయచేసి మళ్లీ పంపకండి. మా ఎగ్జామ్ సెక్షన్‌లో అప్పటికే రెండోసారి పంపేశారు, పిల్లలకు రెండేసి హాల్ టికెట్లు వెళ్లి ఏది చెల్లుతుందో తెలియక సాయంత్రందాకా ఫోన్లు చేశారు.

మెయిల్ ఆగిందని పంపినవారికి పోస్ట్‌ఫిక్స్ దానంతట అది చెప్పదు. ‘డిలే_వార్నింగ్_టైమ్’ మామూలుగా సున్నా ఉంటుంది. నేను దాన్ని ‘4హెచ్’ చేశాను. నాలుగు గంటలు దాటితే పంపినవారికి ఒక కబురు వెళ్తుంది, అప్పుడు ఫోన్ చేసి విషయం చెప్పే వీలుంటుంది.

రోజూ పొద్దున్న లాగ్ సారాంశం మెయిల్‌లో వచ్చేలా ‘పీఎఫ్‌లాగ్‌సమ్’ను క్రాన్‌లో పెట్టుకోండి. దాంతోపాటు యాక్టివ్, డిఫర్డ్ క్యూల సంఖ్యను అయిదు నిమిషాలకోసారి ఒక ఫైల్లో రాసుకోండి. మీ సర్వర్‌కి మామూలు రోజున ఎంత ఉంటుందో తెలిస్తేనే మామూలు కాని రోజు తెలుస్తుంది. మాది మామూలుగా డిఫర్డ్‌లో ముప్ఫై, నలభై దాటదు. ఇప్పుడు రెండు వందలు దాటితే నా ఫోన్ మోగుతుంది. ఒక్క ఖాతా నుంచి గంటకు ఇన్ని మెయిల్స్‌కి మించి పోకూడదని కూడా హద్దు పెట్టాను. పెద్ద బ్యాచ్‌లు పంపే ఎగ్జామ్ సెక్షన్, అకౌంట్స్ ఖాతాలకు మాత్రం ఆ హద్దు వేరు.

ఆ రోజు స్పామ్‌ను హోల్డ్‌లో పెట్టాక లైన్ కదలడం నా కళ్లముందే చూశాను. స్క్రీన్ మీద డెలివరీ వరుసలు పైకి పోతుంటే రెండో అంకె 398 నుంచి 60కి, 60 నుంచి 4కి దిగింది. జీమెయిల్ వాళ్లవి స్లో దారిలో సెకనుకొకటి చొప్పున వెళ్లాయి. ఆఖరి హాల్ టికెట్ వెళ్లినప్పుడు లాగ్‌లో టైము మూడూ పది. దాని డిలేస్‌లో రెండో చోట 0.02 ఉంది.